గింతంత

బాత్‌రూం గడప తట్టుకుని
మణెమ్మ కుడి మణికట్టు విరిగిన నాటి నుంచి
పోపుల డబ్బా నా చేతికొచ్చింది.
ఇరవై ఎనిమిదేళ్లు రాణిగంజ్ డిపోలో
బస్సుల కడుపులో చెయ్యి పెట్టినవాణ్ణి
ఏడు గిన్నెల ఆ గుండ్రటి డబ్బా ముందు
నిన్న చేరిన అప్రెంటిస్ లాగా నిలబడ్డాను.

వంటింటి గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంది,
పిండికట్టు చేతిని మెడకు వేలాడేసుకుని,
సూపర్‌వైజరు.
"జీలకర్ర ఎంత?"
"గింతంత."
"గింతంత అంటే?"
ఎడమచేతి మూడు వేళ్లు దగ్గరికి తెచ్చి
ఇంత గాలిని పట్టి చూపించింది.
ఆ గాలిలో ఎన్ని గింజలు పడతాయో
ఏ స్పానరు మీదా నంబరు లేదు.

మొదటిరోజు మెంతులు మాడి ఇల్లంతా చేదు.
రెండోరోజు ధనియాల పొడి పచ్చివాసన.
మూడోరోజు పక్క పోర్షన్ నుంచి
నఫీసా బేగం గోడ మీదుగా కేకేసింది:
"భాయ్, ఆవాలు పేలనే లేదు, అప్పుడే జీరా వేసేస్తిరి!"
గోడ అవతల నుంచి!
పొయ్యి చూడకుండా!

ఓహో. ఇది చెవి పని.
చెవి పనైతే నాకొచ్చు.
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
ఏ వాల్వు దగ్గుతోందో చెప్పినవాణ్ణి.

కళ్లు మూసుకున్నాను.
ఆవాలది తోపులాట, ఆఖరి బస్సు కోసం జనం.
జీలకర్రది ఒకటే నిట్టూర్పు, చుయ్యిమని,
అది ఆగేలోపే ఎండుమిర్చి పడాలి.
కల్యామాకుకి తడి ఉందా, మీదికే వస్తుంది.
ఇంగువ ఏమీ మాట్లాడదు,
వచ్చి కూర్చుంటుంది, పిలవని పెద్దమనిషి.
ధనియాలకు మాత్రం గొంతు లేదు.
"రంగు చూడాలె" అంది మణెమ్మ,
"నీ ఖాకీ అంగీ వానకు తడిస్తే ఎట్లుంటది?
గా రంగొస్తే దించు."
ఇన్నేళ్లూ నా అంగీని ఎట్లా చూసిందో
అప్పుడు తెలిసింది.

వానలకు కొత్తిమీర కట్ట నలభై అయింది.
మోండా మార్కెట్లో లచ్చవ్వ
కొసరు మాట ఎత్తొద్దన్నది ముందే.
చెయ్యి విరిగిన సంగతి చెప్పాక
ఏదో గొణుక్కుంటూ నాలుగు రెబ్బలు తెంపి
నా సంచిలో దోసకాయల మీద పడేసింది.
కాడలతో సహా తరిగాను.
కాడలోనే అంతా ఉంది,
ఆకు ఊరికే పైన ఊగుతుంటుంది.

ఆ రాత్రి పచ్చిపులుసు.
ఎడమచేత్తో స్పూను పట్టుకుని తిన్నది.
"ఉప్పు తక్కువుంది" అంది.
గిన్నె వంచి అడుగుది కూడా పోసుకుంది.

కట్టు విప్పారు. మణికట్టు మునుపటిలా తిరగడం లేదు,
తిరుగుతుందని డాక్టరూ గట్టిగా అనలేదు.
ఎవరూ ఏమీ అనుకోలేదు గానీ
పోపుల డబ్బా పై అరలోకి మారింది,
ఆమెకు అందదు, నాకు అందుతుంది.

మొన్న పిట్ లో దిగి గేర్‌బాక్స్ విప్పుతుంటే
ఇంతియాజ్ ముక్కు ఎగబీల్చి అడిగాడు:
"ఉస్తాద్, జీరా వాసనొస్తోంది, ఏ బండిది?"
గోళ్లలో గ్రీజు, గ్రీజు కింద పసుపు.
"నలభై తొమ్మిది ఎమ్ముది" అన్నాను.
వాడు వెళ్లి ఆ బస్సెక్కి
సీట్ల కింద వెతుకుతున్నాడు.