టిక్కు

అంబాజీపేటలో కొబ్బరి చిప్పల మీద
పేర్లు చెక్కే మిషను నాది.
పొద్దున్నే అది ముందు ఇంటికెళ్లాలి,
ఎడమ మూలకి.
దాని లెక్కలో ఇల్లంటే సున్నా.

ఆ మూల ఇదివరకు ఓ స్విచ్చి ఉండేది.
మిషనొచ్చి గుద్దితే టిక్కుమనేది.
చిప్ప పొడి మైదా కంటే మెత్తన,
ముసురు పట్టిందంటే ముద్ద.
ఓ రోజు సగం దారిలోనే ఇల్లొచ్చిందంది,
ఓ రోజు గోడ గుద్దుకుని కూడా
ఇంకా రాలేదంది.
పెళ్లికూతురి పేరు అరంగుళం పక్కకి పోయి
ఆరు డజన్ల చిప్పలు
పొయ్యిలోకి.

సెల్ రిపేర్ల కెజియా
మూడు కాళ్ల నల్ల సెన్సరొకటి తెచ్చింది,
మినపగింజంత.
"దీన్ని ముట్టుకోనక్కర్లేదండి,
అయస్కాంతం దగ్గరికొస్తే చాలు, తెలిసిపోద్ది."
పాత ఇయర్‌ఫోను డబ్బా మూతలోంచి
బిళ్ల పీకి అంటించాం.
నడిపాం.
ఆగలేదు. చివరికంటా పోయి
గరగరా పళ్లు కొరికింది మోటారు.
కెజియా కరెంటు తీసేసి
బిళ్లని బోర్లించింది.
ఉత్తరం చూపించామంట,
దానికి దక్షిణం కావాలంట.

ఇప్పుడు వరిగింజ ఎడంలో
ఎర్ర దీపం వెలుగుద్ది.
కాస్త వెనక్కెళ్లి, మళ్లీ మెల్లిగా వచ్చి
అక్కడే ఆగుద్ది. పొడి పడినా అంతే,
కౌశిక మీంచి తడిగాలొచ్చినా అంతే.

మూడు నెలలైంది.
పేరు పక్కకి పోలేదు.
నా చెవే ఇంకా అలవాటు పడలేదు.
దీపం వెలగ్గానే
షెడ్డులో ఎవరూ లేకుండా చూసుకుని
టిక్కు
అని నేనే అంటాను.