ఐదు వాట్లకు తీగ

పరీక్ష పాసై, లైసెన్సు చేతికొచ్చి పదకొండు నెలలు.
సబ్బుడబ్బాలో ఇమిడే ట్రాన్స్‌మీటర్,
నేనే టంకం పెట్టుకున్నది,
బీరువా మీద మూగగా కూర్చునుంది.

ఐదంటే ఐదు వాట్లు.
దేవుడి గూట్లో వెలిగే జీరో బల్బు కూడా
దీనికంటే ఎక్కువే తాగుతుంది.

కోఠీలో, గుజరాతీ గల్లీలో,
రాగితీగ చుట్టను త్రాసులో దించుతూ జహంగీర్ భాయ్ అన్నాడు:
"పవర్ తక్కువున్నోళ్లకు తీగే ఇజ్జత్, బేటీ.
వంద వాట్లోడు వంకర తీగతోనైనా అరుస్తడు.
నువ్వు మాత్రం కొలుచుకుని మాట్లాడాలె."

మొదట నిలువు కడ్డీ అనుకున్నా.
చోటు తక్కువ, చూపుకి దర్జా.
కానీ నిలబడ్డదానికి కాళ్లకింద నేల పలకాలి,
మౌలాలీలో నేల ఎక్కడుంది?
పలుగు వేస్తే నిప్పురవ్వ లేస్తుంది.
ఈ బండలు నా గొంతును మింగుతాయే గాని మోయవు.
మేడ మీద చుట్టూ పదహారు తీగలు పరవచ్చునట,
వడియాలు ఎండే చోట!
అంత ధైర్యం నాకు లేదు.

తర్వాత రాగిగొట్టం వలయం.
కిటికీ లోపలే పడుతుంది, ఎవరికీ అడ్డురాదు.
దాని చెవి సూదిబెజ్జం.
వేలు దగ్గరికి తెస్తే చాలు, శ్రుతి జారిపోతుంది.
దానికి పనికొచ్చే కెపాసిటర్ ధర అడిగి
ఇరానీ చాయ్ తాగి ఇంటికొచ్చేశాను.

మిగిలింది తీగే.
నడుమ తెగిన మామూలు తీగ.
ఇటు ముప్పైమూడడుగుల నాలుగంగుళాలు,
అటూ అంతే.
మా మేడ మూల నుంచి మూలకు నలభై ఆరు.
రెండు రాత్రులు కాగితం మీద మేడను సాగదీశాను.
మూడో రోజు తెలివొచ్చింది:
మేడ వంగదు, తీగ వంగుతుంది.

ట్యాంకు పక్కన వెదురుగడ, దాని కొప్పున ముడి,
రెండు చేతులూ కిందికి వాలి,
కొసలు పిట్టగోడ దాటి వేలాడి
విరిగిన గొడుగులా ఉంది, పుస్తకంలో బొమ్మలా లేదు.
కుడి కొసకు అడ్డంగా ఎల్లుబాయమ్మ దండెం.

"గీ తీగె ఏంది బిడ్డా, కరెంటా?"
"కాదమ్మా, మాట."
"ఎవలతోని?"
"తెలీదు. అవతల ఎవరుంటే వాళ్లతో."
నన్ను ఎగాదిగా చూసింది.
"తెల్వనోళ్లతోని మాట్లాడనీకె గింత తిప్పలా!"
అంటూనే దండేన్ని రెండు మేకులు అవతలికి జరిపింది.

పొడుగ్గా కొయ్యి, తర్వాత పొట్టి చేసుకో.
కోసింది మళ్లీ అతకదు.
రెండువేళ్ల ముక్క ఇటు, రెండువేళ్ల ముక్క అటు,
మీటరు ముల్లు రెండుంబావు నుంచి ఒకటిన్నరకి దిగింది.
తడి దుప్పట్లు ఆరేస్తే మళ్లీ ఎక్కుతుంది.
అందుకని ఇప్పుడు నాకు
ఎల్లుబాయమ్మ ఉతికే రోజులన్నీ నోటికొచ్చు:
మంగళవారం, శుక్రవారం,
మనవడు పక్క తడిపిన ఏ రోజైనా.

ఎత్తు చాలదన్నారు తెలిసినవాళ్లు.
నిజమే. ఇంత కిందనున్న తీగ
దూరాలకు చూడదు, తిన్నగా నెత్తిమీదికి చెబుతుంది.
ఆకాశం విని, చుట్టుపక్కల రాష్ట్రాల్లో వదిలేస్తుంది.
నాకు అంతే కావాలి.

గురువారం, తెల్లారి ఐదూ నలభై.
రైలు పోయి, పైతీగల చిటపట సద్దుమణిగాక
కీ మీద వేలు పెట్టాను.
డాడా, డిడా, డాడిట్, డిడిట్.
మణి. నా పేరు ఇంత పొడుగని ఎప్పుడూ అనిపించలేదు.
పిలిచాను. మళ్లీ పిలిచాను.
బోరింగు మోటారు ఎవరో వేశారు, ఎవరో ఆపారు.

అప్పుడు, ఇసుకలో చీమ నడిచినట్టు,
గదగ్ నుంచి ఒక వీరణ్ణ.
యాంటెనా ఏమిటని అడిగాడు.
తీగ, అన్నాను. దండెం పక్కన.
ఆయన తనది చెప్పబోయాడు,
చేను అన్నట్టుంది, కంచె అన్నట్టుంది,
అంతలో ఇసుకే మిగిలింది.

మెట్ల మీద ఎల్లుబాయమ్మ బకెట్టుతో ఎదురైంది.
"దొరికిన్రా ఎవలన్న?"
"గదగ్‌లో ఒకాయన."
"ఏమన్నడు?"
"నేను పంపింది సగమే అందిందట."
"సగమా!" బకెట్టు కింద పెట్టి నడుం పట్టుకుంది.
"మా ఇంటాయన పక్కన్నే ఉండి గంత గూడ ఇనడు."