గొట్టంలో జాతర

మా ఊరికి వేడి
లేని ఊరినుంచి వచ్చేది.

కొండను తొలిచిన హాల్లో వరసవరసల సర్వర్లు.
వాటి ఒళ్లు కాలిపోకుండా చుట్టూ తిరిగిన నీళ్లే
గొట్టాల్లో పడి మా గదులకొచ్చేవి.
ఫిన్లాండ్ ఉత్తరాన, నవంబర్లో మునిగిన సూర్యుడు
జనవరి దాకా తలెత్తని చోట
మూడు భవంతులకు గొట్టాల పని నాది.

రెండో అంతస్తు ఉర్హోకి ఎనభై రెండు.
రేడియేటర్ మీద ఉన్ని మేజోళ్లు ఆరేస్తాడు.
"హిల్కా, కొన్ని రాత్రులు ఇవి గంటలో ఆరిపోతాయి,
కొన్ని రాత్రులు తెల్లారినా తడే.
నీ గొట్టాలకి దెయ్యం పట్టిందా?"

దెయ్యం కాదు తాతా, జాతర.
అద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని చోట
పెళ్లిళ్లవుతున్నాయి, సంతలు సాగుతున్నాయి,
ఎవరో ఎవరికో పుట్టినరోజుకి ఒక సముద్రం ఇస్తున్నారు.
జనం మూగినకొద్దీ సర్వర్లకి చెమట.
నీ మేజోళ్లు ఆరేది ఆ చెమటకే.

పక్కింటి సాంప్సాకి పదమూడేళ్లు.
వాడక్కడ వంతెన కడుతున్నాడు.
తోడు మొంబాసా పిల్ల, మ్వనైదీ.
ఒకరి భాష ఒకరికి రాదు.
'పట్టుకో', 'వదులు' – ఈ రెండు మాటలే
ఇచ్చిపుచ్చుకున్నారు.
దారిన పోయేవాళ్లెవరైనా ఒక చెక్క వేసి పోవాలి, అదీ నియమం.
పద్నాలుగు వేల చెక్కలు.
ఒకావిడ, చచ్చిపోయిన తన కుక్క
పంటిగాటున్న చెక్క వేసింది.
ఎవడో పాపం కొలత తప్పి అడ్డంగా వేశాడు.
దాన్నలాగే ఉంచి,
తట్టుకోకుండా దాటడం నేర్చుకున్నారు.

అవతలి ఒడ్డున ఏముందిరా అన్నాను.
"ఇంకా అనుకోలేదు."

ఫిబ్రవరిలో రెండు పంక్తుల నోటీసు:
లోకం గిట్టుబాటు కావడం లేదు,
పదహారో తారీఖు రాత్రి పన్నెండుకి మూసేస్తున్నాం.
గొర్రెల గురించి విన్నానా మాట, బంగాళాదుంపల గురించి విన్నాను.
లోకం గురించి వినడం అదే మొదలు.

ఆ రాత్రి బయట మైనస్ ముప్పై ఒకటి.
లోపల మేం కిటికీలు తెరిచాం.
ఉన్నవాళ్లు, అలిగి పోయినవాళ్లు,
మర్చిపోయిన పాస్‌వర్డులు వెతుక్కుని వచ్చినవాళ్లు
అందరూ ఆ వంతెన మీదే.
గొట్టం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.
ఉర్హో బనీనుతో మెట్లమీదికొచ్చాడు:
"ఎవరిదమ్మా ఇంత పండగ?"
పండగ కాదని చెప్పాను.
అరచేతికి గుడ్డ చుట్టుకుని గొట్టం పట్టుకున్నాడు,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
"ఎంతమంది?"
"నాలుగు లక్షలట."
"ఇరుకుగా లేదూ?"

పన్నెండయింది.
ఏమీ వినపడలేదు. కాసేపటికి
ఇనుము ముడుచుకుంటూ టిక్,
చాలాసేపటికి ఇంకో టిక్.
సాంప్సా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు,
ముఖాన అద్దాల అచ్చు ఎర్రగా.
"మ్వనైదీ పట్టుకో అంది," అన్నాడు.
"పట్టుకున్నాను."

ఊరు చలికి చావలేదు, అబద్ధమెందుకు.
మున్సిపాలిటీ చెక్కపొట్టు బాయిలర్ తెచ్చింది.
మేజోళ్లు రోజూ ఒకే వేళకి ఆరుతున్నాయి.
ఉర్హోకి అది నచ్చలేదు.

ఏప్రిల్లో, కొండ హాలు పారేసిన యంత్రాల్లో ఒకదాన్ని
మంచుబండి మీద లాక్కొచ్చాం.
ఉర్హో నేలమాళిగలో, దుంపల బస్తాల పక్కన పెట్టాం.
మ్వనైదీ చెక్కల కొలతలు రూళ్ల నోట్‌బుక్‌లో ఎక్కించిందట,
పెన్సిల్‌తో, ఆరువందల దాకా.
కుక్క పంటిగాటు బొమ్మ కూడా వేసింది.

ఇందులో పదకొండుమందే పడతారు.
పన్నెండోవాడొస్తే ఒకరు బయట నిలబడాలి.
వంతులు రాసి తలుపుకి అంటించాం,
కింద, కరెంటు బిల్లు ఈ నెల ఎవరిదో.
రేపటి లోకాలన్నీ ఇలాగే ఉంటాయని నేననను.
కొండలు తొలిచేవాళ్లు
ఇప్పటికే ఇంకో కొండ చూసుకున్నారు.

ఉర్హో ఆ యంత్రం మీద మేజోళ్లు పరిచాడు. వద్దంటే వినడు.
తెల్లారి దిగి చూస్తే
ఒకటి ఆరింది, ఒకటి ఆరలేదు.

"ఇంకో ఇద్దర్ని రమ్మను," అన్నాడు.