నిల్లుంగ

ఎగ్మూరు. కార్తీక మాసపు వాన
రైల్వే స్టేషను వైపు కిటికీ అద్దాన్ని
రాత్రి రెండున్నర నుంచీ తడుముతూనే ఉంది.

ఏడో పడకలో గుణవర్ధన్, పద్నాలుగు నెలలు,
ఎనిమిది కిలోల రెండొందల గ్రాములు.
సూళ్లూరుపేట నుంచి వచ్చే దారిలోనే
ఒక సెలైన్ సీసా ఖాళీ చేశాడు.
అయినా నాడి అందదు.
చేతి మీద పెట్టిన సూది చుట్టూ ఉబ్బిపోయింది.
ఇక పెద్ద దారి వెయ్యాలి,
మెడలోంచి గుండె గుమ్మం దాకా.

వాడి మెడలో సిర
అగ్గిపుల్ల కంటే కాస్త లావు.
పక్కనే, ఒక దుప్పట్లో ముడుచుకున్న కవలలా, ధమని.
అల్ట్రాసౌండ్ తెర మీద రెండూ నల్లటి సున్నాలు.
నొక్కితే అణిగేది సిర.
నొక్కినా ఎగిరెగిరి పడేది ధమని.
నమ్మాల్సింది అణిగేదాన్ని.

గౌను, గ్లవ్సు, మాస్కు.
భుజాల కింద చుట్ట చుట్టిన తువ్వాలు.
సూది చేతికి తీసుకున్నాను.
"నిల్లుంగ డాక్టర్," అంది సిస్టర్ పొన్మలర్.

ఆమె చేతిలో పదమూడు గళ్ల కాగితం.
ఆరో గడి దగ్గర పెన్ను ఆగి ఉంది.
"మీ మోచేయి మంచం కమ్మీకి తగిలింది."

తగల్లేదన్నాను.
తగిలింది, అంది.
బీపీ అంకె ఇంకో మెట్టు దిగింది.
నాకు కోపం వచ్చింది. దాచను, వచ్చింది.
నా డిగ్రీ, నా సీనియారిటీ
నాలుక చివరిదాకా వచ్చాయి.
ఆమె కాగితం దించలేదు.
"కాలి ఎముకలో సూది ఉంది, మందు దాంట్లో పోతోంది.
మూడు నిమిషాలు వాడు ఆగగలడు."

మోచేతుల మీదుగా నీళ్లు కారుతుంటే అనుకున్నాను:
నిల్లు అంటే ఆగు.
మా నాయుడుపేటలో, బిడ్డ ప్రాణం నిలిచింది అంటారే,
అదీ ఆ మాటే.

కొత్త గౌను. ఒక్కటే పోటు.
ముదురు నేరేడు రంగు నెత్తురు.
తీగ లోపలికి పోతోంది;
తిరణాల్లో బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు
దాని కొస పట్టుకునే ఉన్నాను.
మానిటర్లో గుండె ఒకసారి తడబడింది.
వేలెడు వెనక్కి లాగాను. సర్దుకుంది.
గొట్టం దిగాక,
"తీగ?" అంది పొన్మలర్.
మొత్తం బయటికి తీసి చూపించాను.
పన్నెండో గడిలో టిక్కు.
పదమూడోది ఎక్స్‌రే.

తలుపు బయట చెంగమ్మ,
కత్తిరించి ఇచ్చిన మొలతాడు పిడికిట్లో.
"సూది పడిందా మేడం?"
"పడిందమ్మా."
మోచేయి సంగతి ఆమెకు చెప్పలేదు.
ఇక్కడ చెబుతున్నాను.

ఆ తర్వాత రోజూ రౌండ్లలో
పొన్మలర్ది ఒకటే ప్రశ్న:
"ఇవాళ కూడా ఇది కావాలా?"
కావాలి. కావాలి. కావాలి.
ఐదోరోజు జవాబు కోసం ఛార్టంతా వెతికాను.
దొరకలేదు. తీసేశాను.

పది నిమిషాలు మెడ మీద వేలు అదిమిపెట్టి
గడియారం చూస్తున్నాను.
వాడు నా ఐడీ కార్డు తాడు దొరకబుచ్చుకుని
బలంగా, ఎంతో బలంగా,
తన వైపు లాగుతున్నాడు.