ఉమ్మి అడిగే మనిషి

వుయోకట్టిలో నన్ను ఉమ్మి మనిషి అంటారు.
కోపం లేదు.
ముప్ఫై ఏళ్ళు ఒకే పని చేస్తే
పేరు కూడా దాని రంగే పట్టుకుంటుంది.

పదహారు మంది స్కీ పిల్లలు, పదహారు పెట్టెలు,
ఒక్కో పెట్టెలో ఏడు గొట్టాలు,
మూతల మీద నా చేతిరాతతో రోజూ, గంటా.
మొదటి రోజే వరసగా నిలబెట్టి చెబుతాను:
కళ్ళు తెరవగానే, కాలు నేల మీద మోపకముందే ఒకటి.
అరగంటకి రెండోది.
ఈలోపు పళ్ళు తోమొద్దు. కాఫీ తాగొద్దు.
కాఫీ వద్దంటే ఫిన్లాండులో
ఊపిరి పీల్చొద్దన్నట్టు చూస్తారు.

ఖాండ్రించి ఉమ్మకూడదు.
తల వంచండి, పెదవి వదిలేయండి,
పసిపిల్ల చొంగలాగా దానంతటది జారాలి.
రెండు నిమిషాలు గుటక వేయొద్దు.
నవ్వుతారు. ఇరవై ఏళ్ళవాళ్ళు మరి,
వెనక్కి ఉయ్యాలదాకా నడవాలంటే సిగ్గు.
నిమ్మకాయని తలుచుకోవచ్చా అని అడిగాడు వెయిక్కా.
తలుచుకో, కొరక్కు, అన్నాను.
తలపుని పట్టే గొట్టం మా దగ్గర లేదు.

నెత్తుట్లో తిరిగే కార్టిజాల్ చాలావరకు
ఏదో ఒక ప్రోటీన్ వీపెక్కి పోతుంది.
ఆ పట్టు వదిలించుకున్న కాస్తే
నోటి తడిదాకా వస్తుంది.
ఒంట్లో పని చేసేదీ ఆ కాస్తే.
మనుషుల్లోనూ అంతేనేమో, నాకు తెలీదు,
నేను గొట్టాలు లెక్కపెట్టేదాన్ని.

కెర్తు హెయిక్కినెన్‌కి మాత్రం నోరూరదు.
పదిహేను కిలోమీటర్లు, సున్నాకి పంతొమ్మిది కింద,
కనురెప్పల మీద మంచు పొడి,
నాలుక ఎండిన చెక్క.
మైనం కాల్చే గదిలో బల్ల మీద కూర్చుని
తల వంచుకుని ఉంటుంది.
నేనెదురుగా గడియారంతో.
నురగ. ఒక చుక్క. మళ్ళీ నురగ.
ఒక్క మిల్లీలీటరుకి తొమ్మిది నిమిషాలు.
ఆ తొమ్మిది నిమిషాల్లో మేమేమీ మాట్లాడుకోం.
నోరు తెరిచే ఉన్నా మాట్లాడకపోవడం
అక్కడే చూశాను.

శుక్రవారం సాయంత్రం రిలే జట్టు పేర్లు
తలుపుకి అంటించారు.
నాలుగు పేర్లు.

శనివారం పొద్దున ఆమె పెట్టెలో మొదటి గొట్టం
కిటికీ వెలుగులో పెట్టి చూశాను.
లింగన్ పళ్ళ రసం
ఒక్క బొట్టు పడ్డట్టు, లేత గులాబీ.
పళ్ళు తోమావా?
లేదని తల ఊపింది.
కింది పెదవి లోపలివైపు వాచి ఉంది.
డైరీలో రాసింది: నిద్ర, అయిదుకి నాలుగు. మనసు, బాగుంది.

నియమం తెలుసు నాకు, రాసినవాళ్ళలో నేనొకతెని:
రక్తం కలిసిన నమూనా అంకెని పెంచేస్తుంది,
పారేయాలి.
అబద్ధం చెప్పే నమూనా, అని
కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటాను.
ఆ గొట్టం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
తర్వాత పసుపు డబ్బాలో వేశాను.

మిగతా ఆరూ ఎనభై డిగ్రీల కింద నిద్రపోతాయి,
వసంతంలో యువస్కులాకి వెళ్తాయి.
పట్టికలో కెర్తు వరసలో ఒక గడి ఖాళీ.
అక్కడ ఎవరో కుర్రాడు, మంచివాడే,
మిగిలిన పదిహేను మంది శనివారాల సగటు తీసి
దాన్ని నింపుతాడు.
చిన్న అక్షరాల్లో కింద రాస్తాడు కూడా, నింపానని.

ఆ రోజు చివరి నమూనా అయ్యాక
మూత బిగించి, కాఫీ పోసి ముందు పెట్టాను.
అయిపోయింది కెర్తూ, ఇంక మింగొచ్చు, అన్నాను.
అలవాటుగా ప్రతివాళ్ళతోనూ అనే మాటే అది.

ఆమె తల ఎత్తలేదు.
ఇన్నాళ్ళూ దిగమింగింది చాలనుకుందో ఏమో,
నోరు అలాగే తెరుచుకుని,
గొట్టం లేకుండా,
బల్ల మీదికి.
తుడవడానికి గుడ్డ తీశాను గానీ
తొందరపడలేదు.