నాలుగో గది

అరండల్‌పేట తొమ్మిదో లైన్లో
నా జిరాక్సు కొట్టు వెనక,
కాగితం కట్టల పక్కన,
నల్లటి డబ్బా ఒకటి
నాలుగేళ్ళుగా గొణుక్కుంటూ కూచుంది.

కొన్న కొత్తలో
కరెంటు పోయిన సంగతే తెలిసేది కాదు నాకు.
ఎదురు మందుల షాపులో చీకటి చూసి
"ఓహో, పోయిందా" అనుకునేదాన్ని,
కాస్త గర్వంగానే.

క్యాలెండరు వెనక పెన్సిల్తో రాసుకునే అలవాటు నాది.
మొదటి ఎండాకాలం: మూడు గంటల పది నిమిషాలు.
రెండోది: మూడుకి రవ్వంత తక్కువ.
మూడో ఏడు దసరా ముందర: గంటా నలభై.
ఆ తరవాత రాయడం మానేశాను.
ఫ్యాను అయిదులో తిప్పామనో
రాత్రి చార్జింగు సరిగా ఎక్కలేదనో
దాని తరఫున సాకులు నేనే వెతికేదాన్ని,
అప్పు ఎగ్గొట్టేవాడి పక్కన నిలబడి
వాయిదా అడిగినట్టు.

అది చెప్పకపోలేదు.
ఆర్నెల్లకోసారి తాగే నీళ్ళు
నెలకోసారి తాగింది.
తల మీద పచ్చగా బూజు పూసింది;
వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి
ముస్తాబు చేశాను.
పక్కలు ఉబ్బాయి. చెయ్యి పెడితే జ్వరం.
ఓ సాయంత్రం కుళ్ళిన కోడిగుడ్డు వాసనేదో వచ్చింది గాని
అప్పుడే మిరప టిక్కీల లారీ ఒకటి సందు మళ్ళింది,
దగ్గులో మర్చిపోయాను.

మే నెల. ఆఖరి తారీఖు.
ప్రత్తిపాడు నుంచి వచ్చిన పిల్ల
నర్సింగు దరఖాస్తు నింపిస్తోంది.
సంతకం ఎక్కింది, ఫొటో ఎక్కింది.
కరెంటు పోయింది. పరవాలేదన్నాను.
పదకొండు నిమిషాలు.
చివరి మీట నొక్కబోతుండగా
తెర నల్లబడింది,
అద్దంలో మా ఇద్దరి మొహాలూ.

ఆ పిల్ల తిట్టలేదు.
"మళ్ళీ మొదట్నుంచా అక్కా?" అంది, అంతే.
ముప్పావుగంట తరవాత కరెంటొస్తే
తండ్రి పేరు దగ్గర్నుంచి
అక్షరం అక్షరం మళ్ళీ చెప్పింది.
డబ్బులు తీసుకోలేకపోయాను.

మర్నాడు ఆనందపేట నుంచి ఖాజావలి వచ్చాడు,
చొక్కాకి యాసిడు చిల్లులు,
చేతిలో గాజుగొట్టం.
మీటరు పెడితే పన్నెండూ ముప్పావు చూపించింది.
"బానే ఉందిగా!" అన్నాను ఆశగా.
"ఫ్యానూ లైట్లూ వెయ్యండక్కా."
ముల్లు పదిన్నరకి జారి పడింది.
"ఖాళీగా కూచున్నప్పుడు అందరూ బానే ఉంటారు."

ఆరు మూతలు విప్పాడు.
మొదటి గదిలో బుడిపె తేలింది.
రెండు. మూడు. తేలింది.
నాలుగో గదిలో మునిగి
అడుగునే ఉండిపోయింది,
బురదరంగు నీళ్ళలో.

"ఇదొక్కటే పోయిందక్కా.
మిగతా అయిదూ దీన్ని మోస్తా మోస్తా అలిసిపోయినయ్."
"ఆ ఒక్కటీ మార్చలేమా?"
నవ్వాడు, చప్పుడు లేకుండా.
గోడ మీది క్యాలెండరు తిప్పి
నా పెన్సిలు అంకెల మీద గోరు నడిపించుకుంటూ వచ్చి
గంటా నలభై దగ్గర ఆపాడు.
"సగానికొచ్చింది చూడండి.
ఇక్కడ పిలవాల్సింది నన్ను."

ఇద్దరం పట్టుకుంటే లేచింది.
"చచ్చినా సీసం బరువు తగ్గదు" అని
తూకం వేసి, పాతదానికి రేటు కట్టాడు.
అది కూచున్న చోట
గచ్చు మీద తెల్లటి చదరం మిగిలింది,
ఎంత రుద్దినా పోలేదు.
కొత్తదాని ఒంటి మీద
పెయింటుతో తారీఖు రాసి వెళ్ళాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టే వేళ
చిల్లర కోసం వచ్చాడు మందుల షాపు కుర్రాడు.
"లైన్లో కరెంటుంది గదా అక్కా,
మీరేంటి మెయిను దించేశారు?"

"అటు గడియారం చూసి
టైమెంతయిందో చెప్పరా" అన్నాను,
పెన్సిలు చెక్కుకుంటూ.