నాలుగు నిలువు, ఒక అడ్డం

విశాఖ రేవులో నా పని గీతలు గీయడం.
బస్తా పైకి లేస్తే ఒక గీత.
నాలుగు నిలువు, అయిదోది అడ్డం,
మళ్లీ మొదలు.
ఇరవై ఆరేళ్లు. గోళ్ల సందుల్లో ఇనుప ఖనిజం,
ఎంత తోమినా
అన్నం ముద్దకి కాస్త ఎరుపు.

ఆ ఓడ చిన్నది. ఏదో దీవుల దేశానిదట,
పటం మీద ఈగ వాలిందనుకుని
తుడిచేసే చోటు.
మన సిమెంటు, మన బియ్యం, మూడు జనరేటర్లు,
ప్లాస్టిక్ చుట్టిన
ఒక దంతవైద్యుడి కుర్చీ.

సరుకు చూసుకునే కుర్రాడి పేరు తొమాసి.
జ్ఞానాపురంలో తోమాసులు వీధికొకడు,
వీడొక్కడే ఇంత దూరం నుంచి.
ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక వాక్యం.
నా కాగితం చూసి పడీ పడీ నవ్వాడు,
గీతల మీద వేలు పెట్టి
"మా దేశం" అన్నాడు.

నాలుగు దీవులు నిలువుగా,
అడ్డంగా పడుకున్నది రాజధాని.
ఆసుపత్రి అందులో, బ్యాంకు అందులో,
పదో తరగతి కూడా అందులోనే.
నాలుగింటినీ కలిపి కట్టిందన్నమాట, అన్నాను.
వాడు నా పెన్సిలు లాక్కుని
నాలుగు పేర్లు రాసి
మీద ఒక్క గీత కొట్టేశాడు.

వాడిది చివరి పేరు.
అక్కడికి పడవ నలభై రోజులకొకసారి,
అదీ గాలి బాగుంటే.
పడవ ఆగుతుంది, నొప్పులొచ్చిన మనిషి ఆగదు.
వాళ్ల కొబ్బరి మాత్రం
కుళ్లేదాకా ఒడ్డునే ఆగుతుంది.
ప్రభుత్వం లెక్కలో, సగటున,
ప్రతి దీవికీ అయిదో వంతు దంతవైద్యుడు.

సగటు సంగతి నాకు చెప్పకు నాయనా.
మా పేట పక్కనే ఇంత రేవు.
క్రేను నీడ మా డాబా మీద ఎండుచేపల్ని దాటుతుంది
పొద్దున్నొకసారి, మాపటేళొకసారి.
సగటున మేమూ కోటీశ్వరులమే.
మంచినీళ్ల ట్యాంకరు వచ్చేసరికి
మా అసిరమ్మ బిందె వరసలో నలభై ఒకటోది.
బీచిరోడ్డు దీపాలు పగలు కూడా వెలుగుతాయి.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు.
పెద్దోళ్ల మాట, కాదనను.
కానీ నేను ఎన్నో పెళ్లిళ్లలో
కడబంతిలో కూర్చున్నాను.
వడ్డించేవాళ్లంతా మనవాళ్లే, మేనబావలు కూడా.
పప్పు అడుగంటాక
గరిట చప్పుడు ఒక్కటే దగ్గరికొచ్చేది.
మనవాడా పరాయివాడా అని కాదు,
పందిరి వెనక ఇంకో బంతి ఉందని
వంటశాలకి తెలియాలి, పొయ్యి మీద
ఎసరు పెట్టేటప్పుడే.

ఇదంతా తొమాసికి చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు.

రాత్రి డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
అందరి మీదా సమంగానే పడుతుంది,
ఎవరి దగ్గరా ఆగదు.
తమ్ముడి పడవకి వేయగా మిగిలిన
ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి
పదకొండు సిమెంటు బస్తాల మీద రాశాను:
కడబంతి.
వాడి దీవి పేరు నాకు నోరు తిరగలేదు మరి.

"ఏ భాష?" అన్నాడు.
చెప్పాను.
"మంచిది. రాజధానిలో ఎవడికీ అర్థం కాదు.
ఎవరో పెద్దమనిషి సరుకనుకుని
ముట్టుకోరు."

కాగితంలో అవీ మామూలు బస్తాలే.
రెండు అడ్డగీతలు, పైన ఒక్క నిలువు.

ఓడ మళ్లీ రాలేదు. వేరేవి వచ్చాయి,
యూరియాతో, బొగ్గుతో.
పదకొండూ చేరాయో, మూడే చేరాయో,
రాజధానిలో ఎవడి ప్రహరీగోడలో కలిశాయో.
అసిరమ్మకి ఈ కథ చెబితే
"బస్తాలకి రాసినోడివి" అంది,
ఇంకేమీ అనలేదు.

మొన్న కార్పొరేషన్ ట్యాంకరు మా మలుపు తిరిగింది.
వెనక ఎర్రటి అక్షరాలు, ఇంకా తడిగా,
బ తిరగబడి ఉంది.
మా ఇంట్లో ఒక్కరికే
బ అలా తిరగబడుతుంది.

డబ్బా ఊపి చూశాను.
ఇంకా కొంచెం ఉంది.